గొడ్డుతోలు వలిచిన చేత్తో నూరు పుస్తకాలు

పోయిన నెల సంఘం మీటింగుకి పోతా, బస్సులో చదువుకుందామని ఒక ఇంగ్లీషు నవల సంచిలో వేసుకున్నాను. అట్ట మీద గుర్రం, టోపీ పెట్టుకున్న తెల్లోడు, చేతిలో తుపాకీ. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద ఇరవై రూపాయలకి కొన్న పాత పుస్తకం. మీటింగు అయినాక తమ్ముడొకడు దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి, "ఏంది మాస్టారూ, మాకేమో అంబేద్కర్‌ని చదవమని చెప్పి మీరు కౌబాయ్ కథలు చదువుకుంటున్నారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చినాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ తమ్ముడికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పుస్తకం పేరు 'హోండో'. రాసినాయన లూయీ లమూర్. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం, జేమ్స్‌టౌన్ అనే ఊళ్ళో 1908 మార్చి 22న పుట్టాడు. 1988 జూన్ 10న లాస్ ఏంజెలస్‌లో పోయాడు. పోయేనాటికి 89 నవలలు, 14 కథల సంపుటాలు, ఇంకో రెండు పుస్తకాలు, మొత్తం 105. దాదాపు 20 కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయని అప్పటి లెక్క. అన్నీ కాకపోయినా ఎక్కువ భాగం ఆ గుర్రాల కథలే, అమెరికా పడమటి దేశం కథలే.

కౌబాయ్ మనకి కొత్తవాడేం కాదు. 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చినప్పుడు మా గూడెం నుంచి బండ్లు కట్టుకుని పోయి, టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద చూసొచ్చామని మా పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2023లో దాన్ని మళ్ళీ విడుదల చేశారు. అప్పుడు మా బడిలో ఒక పిల్ల అడిగింది, "సార్, కౌబాయ్ అంటే ఏంది?" అని. గొడ్లు కాసేవాడు అని చెప్పాను. క్లాసంతా ఒకటే నవ్వు. గొడ్లు కాసేవాడు హీరో ఏంది సార్ అని. వాళ్ళ నవ్వులో తప్పేం లేదు. వాళ్ళకి తెలిసిన గొడ్ల కాపరి ఆసామి ఇంట్లో జీతానికున్న పాలేరు పిల్లోడు. కానీ అమెరికాలో కూడా అతను కూలివాడే. ఎవరివో వేల గొడ్లని నెలల తరబడి దుమ్ములో, వానలో తోలుకుపోయి రైలు స్టేషనుకు చేర్చి, చేతికిచ్చిన కూలి తీసుకునేవాడు. అతనికి అంత పెద్ద టోపీ, అంత పెద్ద పేరు తెచ్చిపెట్టింది కథలు రాసినోళ్ళు, సినిమాలు తీసినోళ్ళు. ఆ రాసినోళ్ళలో అందరికంటే ఎక్కువమంది చేతుల్లోకి పోయినవాళ్ళలో లమూర్ ఒకడు.

ఆయన మనలాంటి ఇంట్లో పుట్టినవాడని నేను చెప్పను. తండ్రి పశువుల డాక్టరు. తల్లి టీచరు చదువు చదివిన మనిషి. ఏడుగురు పిల్లల్లో ఈయన చివరివాడు. ఇంట్లో పుస్తకాలున్నాయి, ఊళ్ళో లైబ్రరీ ఉంది. అయితే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ప్రాంతంలో రైతులు దెబ్బతిన్నారు, బ్యాంకులు మునిగాయి. 1923లో ఆ కుటుంబం ఊరొదిలి దక్షిణానికి పోయింది. పిల్లోడికి పదిహేనేళ్ళు. బడి అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ ఏ బడి మెట్టూ ఎక్కలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పనులు చెప్పుకుంటూ పోతే మన వలస కూలీల బతుకే. న్యూ మెక్సికోలో గడ్డి మోపులు కట్టాడు. గనుల్లో చేశాడు. కర్ర కోసే మిల్లుల్లో చేశాడు. గూడ్సు బండ్లలో దొంగతనంగా ఎక్కి ఊళ్ళు తిరిగాడు. ఓడల్లో కళాసీగా చైనా, జపాను, ఈజిప్టు దాకా పోయాడు. డబ్బుల కోసం కుస్తీ గోదాలాంటి బాక్సింగు రింగుల్లో దెబ్బలు తిన్నాడు. ఇవన్నీ ఒకెత్తు, మొదట్లోనే చేసిన పని ఒకెత్తు. పశ్చిమ టెక్సాస్‌లో చచ్చిన గొడ్ల తోళ్ళు వలిచాడు.

ఈ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. నా కళ్ళ ముందు మా నాయన కనపడ్డాడు. చచ్చిన గొడ్డు కబురు వస్తే కత్తి నూరుకుని పోవడం, దాన్ని కావిడి వేసి మోసుకురావడం, వెల్లకిలా తిప్పి పొట్ట మీద గాటు పెట్టి తోలు తెగకుండా వలవడం, దాన్ని సున్నంలో నానేసి తంగేడు చెక్కతో పదును పెట్టడం. ఆ తోలు లేకపోతే ఊళ్ళో మోట బావి తిరగదు, చెప్పు లేదు, డప్పు లేదు. అయినా ఆ తోలు వలిచినందుకే మా నాయన టీ కొట్లో గ్లాసు వేరు.

లమూర్ ఆ పని చేసింది ఒక ముసలాయనతో కలిసి. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. చిన్నప్పుడు అపాచీ అనే ఆదివాసీ జాతివాళ్ళు ఎత్తుకుపోతే వాళ్ళ పిల్లల్లో పిల్లోడిగా పెరిగినవాడు. తోళ్ళు వలుస్తా వలుస్తా ఆ ముసలాయన చెప్పిన సంగతులన్నీ ఈ కుర్రాడు చెవులప్పగించి విన్నాడు. అపాచీలు ఎట్టా నడుస్తారు, నీళ్ళెట్టా కనిపెడతారు, ఏం తింటారు అన్నది ఆయన తర్వాతి కథల్లోకి అక్కణ్ణించే నడిచొచ్చింది. గమనించండి. అరవై ఏళ్ళ తర్వాత తన జీవితకథ రాసుకున్నప్పుడు ఈ పనిని ఆయన దాచుకోలేదు. గొప్పగా చెప్పుకున్నాడు. అదే చదువుగా లెక్కేశాడు. ఆ పుస్తకం పేరులోనే తిరుగుబోతు మనిషి చదువు అన్న అర్థం ఉంది. 1989లో, ఆయన పోయినాక అచ్చయింది.

చచ్చిన గొడ్డు తోలు వలిచిన తెల్ల కుర్రాడు కుండ దగ్గరకు పోతే కుండ మైల పడలేదు. ఆ పని ఆయనకి కొన్ని నెలల కూలి, అంతే. ఇష్టం లేనినాడు కత్తి కింద పెట్టి గూడ్సు బండెక్కాడు. మా నాయన కత్తి కింద పెట్టినా ఊరు ఆ కత్తిని మా ఇంటిపేరుకి కట్టేసింది. నేను డిగ్రీ పాసై ఉద్యోగంలో చేరినాక ఒక బడిలో స్టాఫ్ రూములో ఒక సారు నా కులం తెలిసిన మర్నాటి నుంచి మంచినీళ్ళ సీసా ఇంటి నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. నేను కత్తి పట్టింది లేదు. సుద్దముక్కే పట్టాను. పనిలో మురికి లేదని, మురికి కులంలో ఉందని అంబేద్కర్ చెప్పింది అర్థం కావడానికి నాకు ఈ అమెరికా ఆయన బతుకు పక్కన పెట్టి చూసుకోవాల్సి వచ్చింది. తమ్ముడూ, ఒక జవాబు ఇది.

ఇంకో జవాబు ఆయన చదివిన తీరు. గూడ్సు బండ్లలో తిరిగే కూలోళ్ళ చేతుల్లో అప్పట్లో చిన్న చిన్న పుస్తకాలు తిరిగేవి. కాన్సాస్ రాష్ట్రం గిరార్డ్ అనే చిన్న ఊళ్ళో హాల్డెమన్-జూలియస్ అనే సోషలిస్టు ఆయన 1919 నుంచి అచ్చేసినవి. చొక్కా జేబులో పట్టేంత సైజు, వెల ఐదు సెంట్లు. షేక్‌స్పియర్ ఉంది, తత్వశాస్త్రం ఉంది, సైన్సు ఉంది. కోట్లలో అమ్ముడుపోయాయి. ఒకడు చదివి ఇంకొకడికి ఇచ్చేవాడు. లమూర్ చదువు అట్టా మొదలైంది. 1930ల్లో ఆయన ఏ ఏడాది ఏమేం చదివాడో చీటీలు రాసి పెట్టుకున్నాడు. ఏడాదికి వందకు పైగా పుస్తకాలు. పగలు కూలి, రాత్రి పుస్తకం. మనం ఈ పత్రిక రూపాయి రూపాయి పోగేసి అచ్చేసి, సంతలో, మీటింగులో చేతికిచ్చి అమ్ముతున్నాం కదా, ఇంతమందిలో ఎవరు చదువుతారు అని ఒక్కోసారి నీరసం వస్తుంది. ఆ ఐదు సెంట్ల పుస్తకం అచ్చేసినాయనకి, అది ఏ గూడ్సు పెట్టెలో ఏ కుర్రాడి చేతిలో పడుతుందో తెలుసా?

చదవడం వేరు, రాసింది అచ్చవడం వేరు. ఓక్లహోమాలో అమ్మానాన్నల దగ్గర కూర్చుని కథలు రాసి పంపితే తిరుగు టపాలో వెనక్కొచ్చేవి. ఒకటి కాదు రెండు కాదు, వందల్లో. 1939లో ఒక కవితల పుస్తకం అచ్చయింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత యుద్ధం, సైన్యంలో ఐరోపాకి పోవడం. తిరిగొచ్చేసరికి వయసు నలభైకి దగ్గరపడింది. చేతిలో డబ్బు లేదు.

అప్పుడు చవక పత్రికలకి రాశాడు. మాటకింత అని కూలి ఇచ్చే పత్రికలు. జిమ్ మేయో అనే మారుపేరుతో రాశాడు. 1950ల మొదట్లో ఇంకో పని ఒప్పుకున్నాడు. హోపలాంగ్ కాసిడీ అని ఒక కథానాయకుడు అప్పటికే సినిమాల్లో, టీవీలో పేరు పడ్డవాడు. వేరే రచయిత పుట్టించిన మనిషి. ఆ పాత్రతో కొత్త నవలలు రాయమన్నారు. నాలుగు రాశాడు, టెక్స్ బర్న్స్ అనే పేరుతో. మొదటి రచయిత రాసినట్టు మొరటు మనిషిగా రాస్తే, పబ్లిషరు అట్టా కుదరదు, సినిమాలోలాగా మర్యాదస్తుడిగా మార్చు అన్నాడు. మార్చాడు. కానీ ఆ అవమానం ఆయన మర్చిపోలేదు. బతికినన్నాళ్ళూ ఆ పుస్తకాలు నేను రాయలేదు అనే చెప్పాడు. ఎవరన్నా పట్టుకొచ్చి సంతకం పెట్టమంటే నావి కావు అనేవాడు. డబ్బు కోసం రాశాను, పేరు నాది పెట్టలేదు, అందుకని నావి కావని చెబుతున్నాను అని కొడుకుతో మాత్రం ఒప్పుకున్నాడు. ఆయన పోయినాకే అవి ఆయన పేరుతో వచ్చాయి.

దీన్ని అబద్ధం అని కొట్టేయబుద్ధి కాదు నాకు. మన తాత కట్టిన మేడ మీద ఎవరి పేరు చెక్కారు? కూలికి చేసిన పని తనది కాదనుకునే మనిషి బాధ కూలివాడికి తెలుస్తుంది.

1952లో కోలియర్స్ అనే పెద్ద పత్రికలో ఆయన కథ ఒకటి అచ్చయింది. సినిమా నటుడు జాన్ వేన్ దాని హక్కులు 4000 డాలర్లకి కొన్నాడు. లమూర్ తెలివైన పని ఒకటి చేశాడు. సినిమా కథని నవలగా రాసుకునే హక్కు తన దగ్గరే ఉంచుకున్నాడు. 1953లో 'హోండో' సినిమా, నవల రెండూ వచ్చాయి. వేన్ మెప్పు మాట నవల అట్ట మీద వేశారు. ఇక ఆగలేదు. 1950ల నడుమ నుంచి బాంటమ్ అనే కంపెనీకి రాశాడు. ఏడాదికి రెండు, తర్వాత మూడు నవలలు. బస్టాండుల్లో, మందుల షాపుల్లో ఇనుప స్టాండుకి తగిలించి అమ్మే అట్ట పుస్తకాలు. లారీ డ్రైవర్లు, సిపాయిలు, పొలం పనోళ్ళు కొన్నారు. పెద్ద పత్రికలు సమీక్ష రాయవని ఆయనకి కోపం. అంత రాయడానికి మూడ్ రావాలి, ఏకాంతం కావాలి అనే మాటే ఆయన దగ్గర లేదు. నడివీధిలో ఒళ్ళో టైపు మిషను పెట్టుకుని అయినా రాస్తాను అనేవాడు. పొద్దున్నే లేచి పొలానికి పోయినట్టు మిషను దగ్గరికి పోయేవాడు. మనలో కాగితం ముందు కూర్చుంటే మాట రాలేదని లేచిపోయే యువకవులు ఈ ముక్క రెండుసార్లు చదవాలి. నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

సరే, ఇంతవరకూ పొగిడాను. ఇప్పుడు రెండో పక్క.

లమూర్‌కి ఒక గర్వం ఉంది. నా కథలో ఫలానా చోట ఊట ఉందని రాస్తే, మీరు పోయి చూడండి, అక్కడ ఊట ఉంటుంది, ఆ నీళ్ళు తాగొచ్చు అనేవాడు. తిరిగాడు, చూశాడు, ముసలోళ్ళని అడిగాడు, ఇంట్లో వేల పుస్తకాలు పెట్టుకున్నాడు. ఒప్పుకుంటాను. అయితే ఊట ఎక్కడుందో అంత బాగా తెలిసిన మనిషి, ఆ ఊట ఎవరిది అనే ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ఎందుకు గుర్రం దౌడు తీయిస్తాడు?

ఆయన పుట్టిన డకోటా నేల సూ జాతివాళ్ళది. ఆయన పుట్టడానికి పదిహేడేళ్ళ ముందు, 1890 డిసెంబరు 29న, దక్షిణ డకోటాలో వూండెడ్ నీ అనే చోట అమెరికా సైన్యం ఆ జాతివాళ్ళని, ఆడోళ్ళూ పసిపిల్లలతో సహా 250 మందికి పైగా కాల్చి చంపింది. చంపిన సైనికుల్లో ఇంచుమించు 20 మందికి దేశంలో అన్నిటికన్నా పెద్ద వీరపతకం ఇచ్చారు. ఆయన కూర్చుని మొదటి కథలు రాసిన ఓక్లహోమా ఊరి పేరు చోక్టా. అది ఒక ఆదివాసీ జాతి పేరు. 1830లో చట్టం చేసి మిసిసిపి నుంచి ఆ పడమటికి తరిమేసిన జాతి. 1862లో ఇంకో చట్టం చేసి, దున్నుకునేవాడికి 160 ఎకరాలు ఇస్తామన్నారు. మన దగ్గర బంజరు పట్టా అడిగినట్టు అడిగితే చాలు. కానీ అది బంజరు కాదు. 1887లో ఆదివాసీల ఉమ్మడి భూమిని కూడా ముక్కలు చేసే చట్టం తెచ్చారు. అప్పటికి వాళ్ళ చేతుల్లో 13 కోట్ల 80 లక్షల ఎకరాలుంటే, 1934 నాటికి మిగిలింది 4 కోట్ల 80 లక్షలు. తుపాకీతో పోయింది కొంత, కాగితంతో పోయింది ఎంతో. భూమి ఎట్టా కాగితం మీద జారిపోతుందో మన ఊళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

లమూర్ ఆదివాసీని రాక్షసుడిగా రాయలేదు. ఆ న్యాయం ఆయనకి చెయ్యాలి. అమ్మవైపు ముత్తాత సూ జాతివాళ్ళ చేతిలో చనిపోయాడన్న కథ ఇంట్లో వింటూ పెరిగినవాడు, అయినా పగ రాయలేదు. 'హోండో'లో కథానాయకుడు అపాచీల మధ్య బతికినవాడు, అపాచీ ఆవిడనే పెళ్ళాడినవాడు. వాళ్ళు మాట తప్పరని గౌరవంగా చెబుతాడు. 1986లో వచ్చిన నవలలో కథానాయకుడే సూ రక్తం ఉన్న విమాన పైలట్. సైబీరియా మంచులో పూర్వీకుల విద్యతో బతికి బయటపడతాడు. కానీ చూడండి, 'హోండో' చివర్లో అపాచీల బతుకు ముగిసిపోతోందని కథానాయకుడు బాధపడతాడు. బాధపడి ఏం చేస్తాడు? తెల్ల ఆవిడనీ ఆమె కొడుకునీ తీసుకుని తన దారిన పోతాడు. వర్షాకాలం పోయి ఎండాకాలం వచ్చినట్టు అదంతా దానంతటదే జరిగిపోయినట్టు ఉంటుంది. ముగించినవాడెవడు అని అడగడు. మన సంగతి రాసే పెద్దకులపు రచయితల దగ్గర కూడా ఈ కన్నీళ్ళు మనం చాలా చూశాం. కన్నీళ్ళుంటాయి, భూమి లెక్క ఉండదు.

ఇక నల్లవాళ్ళు. నిజంగా గొడ్లు తోలిన కాపరుల్లో నలుగురిలో ఒకరు నల్లవాడని చరిత్రకారుల అంచనా. బానిసగా పుట్టిన నాట్ లవ్ అనే కౌబాయ్ 1907లో తన జీవితకథ తనే రాసి అచ్చేశాడు. బానిసగా పుట్టిన బాస్ రీవ్స్ 1875 నుంచి ముప్పై ఏళ్ళకు పైగా పోలీసు అధికారిగా దొంగల్ని పట్టాడు. నేను లమూర్ నవలలు ఎనిమిది చదివాను. ఆ ఎనిమిదింట్లో గుర్రం మీద ముందు నడిచిన నల్లవాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

రాయడానికి వాళ్ళలో మనుషులు లేకనా? ఆస్కర్ మిషో అని ఒకాయన. 1884లో పుట్టాడు, తండ్రి బానిసగా పుట్టినవాడు. రైళ్ళలో పోర్టరు పని చేసి కూడబెట్టిన డబ్బుతో దక్షిణ డకోటాలో భూమి కొని సేద్యం చేశాడు. లమూర్ పుట్టిన గడ్డకి పక్క రాష్ట్రమే, అదే కాలం. 1913లో తన కథనే నవలగా రాశాడు. పుస్తకాలు తనే అచ్చేయించి, సంచిలో వేసుకుని, రైతుల ఇంటింటికీ తిరిగి అమ్మాడు. 1917లో ఇంకో నవల. దాన్ని సినిమా తీస్తామని ఒక కంపెనీ వస్తే, నేనే తీస్తాను అన్నాడు, వాళ్ళు ఒప్పుకోలేదు. 1919లో తనే తీశాడు. ఒక నల్లవాడు తీసిన మొదటి పెద్ద సినిమా అది. ఇప్పుడు దాని ప్రింటు కూడా దొరకదు. 1951లో పోయాడు. బస్టాండు స్టాండులో ఆయన పుస్తకం తగిలించినవాడు లేడు.

ఇక్కడ గొంతులో ముల్లులాంటి సంగతి ఒకటుంది, దాచను. మిషో సేద్యం చేసిన ఆ భూమి కూడా సూ జాతివాళ్ళ దగ్గర్నుంచి సర్కారు లాక్కుని పంచిందే. బానిస కొడుకు ఎకరం సంపాదించుకుంటే దాని కింద ఇంకొకడి ఇల్లుంది. చెంచుల, కోయల అడవి పక్కన పట్టాలు అడిగే మనం కూడా ఈ ముల్లు ఒకసారి గుచ్చుకోనివ్వాలి.

లమూర్‌కి 1983లో అమెరికా పార్లమెంటు బంగారు పతకం, 1984లో దేశంలో పౌరులకిచ్చే పెద్ద పతకం వచ్చాయి. ఇచ్చింది రీగన్. రీగన్ కూడా సినిమాల్లో గుర్రమెక్కినవాడే. ఆ కథలు ఎవరికి పనికొచ్చాయో అర్థమవుతోంది కదా. ఒక్కడే మనిషి, ఒక్కటే తుపాకీ, ఎవరి సాయం వద్దు, అడిగేవాడు చవట. సర్కారు పేదోడికి ఏమీ ఇవ్వకూడదు అనేవాళ్ళకి ఇంతకన్నా తీపి కథ ఏముంటుంది? ఆ 160 ఎకరాలు ఇచ్చింది సర్కారే, దారి ఖాళీ చేసింది సర్కారు సైన్యమే అన్నది ఆ కథలో వినపడదు.

అందుకని తమ్ముడూ, నేను ఆ పుస్తకం దాచుకోను. పదో తరగతి పిల్లలకి ఇస్తాను, ఇంగ్లీషు వస్తుంది. నాట్ లవ్ కథ కూడా పక్కన పెట్టి ఇస్తాను.

మొన్న ఆదివారం మా నాయనకి ఈ తోళ్ళు వలిచిన సంగతి చెప్పాను. ఆయనకి డెబ్బై దాటింది, చెవి సరిగా వినపడదు. తెల్లోడా అని రెండుసార్లు అడిగాడు. అవున్నాయనా, పదిహేను పదహారేళ్ళ పిల్లోడు, ఇంకో ముసలాయన ఉన్నాడు తోడు అన్నాను. కాసేపు ఊరుకుని, "రోజుకెన్ని వలిచారంట?" అన్నాడు. నాకు తెలియదన్నాను. "ఎండాకాలమా, చలికాలమా?" అదీ చెప్పలేకపోయాను. "అంత చదివి అదెందుకు చూడలేదురా" అని విసుక్కుని, మంచం మీద కూర్చునే చేతులు అటూ ఇటూ కదిలించి లెక్కేసుకున్నాడు. "చలికాలమైతే ఇద్దరు కలిసి పొద్దుగూకేలోపు ఆరు వలవొచ్చు. ఎండలైతే నాలుగు. పిల్లోడు కొత్తోడు గదా, మూడే వేసుకో" అన్నాడు.